కరకరలాడే గాజు

సినిమాలో ఫైటు జోరుగా నడుస్తుంటుంది. హీరో దెబ్బకి ఒకడు కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుంటూ అవతలికి పడతాడు. ఇంకొకడి నెత్తిమీద సీసా ముక్కలవుతుంది. గాజు పెంకులు తెరంతా చిమ్ముతాయి కానీ నటుల ఒంటిమీద గీత కూడా పడదు. ఇలాంటి సీసాల్నీ అద్దాల్నీ ఇప్పుడు ఎక్కువగా రెజిన్‌తో పోతపోస్తున్నారు. అంతకుముందు హాలీవుడ్‌లో వాటిని చక్కెరతో చేసేవారు. పాకాన్ని బాగా ముదరబెట్టి, పలకలుగా పోసి, గబగబా చల్లార్చితే అద్దంలా మెరిసే పదార్థం తయారవుతుంది. కొడితే ఫెళ్ళున పగులుతుంది. దాని బలహీనతలు రెండు. స్టూడియో దీపాల వేడికి మెత్తబడుతుంది, గాలిలో తేమ తగిలితే జిగురెక్కుతుంది.

ఇక మన సినిమా ఊరి సంగతి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ఫిల్మ్‌నగర్ కొండమీద డి. రామానాయుడి స్టూడియో వెలిసింది. మద్రాసు నుంచి తెలుగు సినిమా మెల్లమెల్లగా ఈ గుట్టలకు చేరుకుంది. ఆ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వీధుల్లోని కేఫుల్లో, సూపర్ మార్కెట్ల అరల్లో ఇవాళ గ్రానోలా మామూలు సరుకు. ఓట్స్, బాదం, జీడిపప్పు, తేనె కలిపి ఓవెన్‌లో కాల్చిన ఉదయపు ఆహారం అది. కొనబోతే ఖరీదు ఎక్కువ, ఇంట్లో చేయబోతే చాలామందికి ఒకటే సమస్య: రుచి బాగానే ఉంటుంది, కరకర మాత్రం రాదు. వచ్చినా రెండోరోజుకి ఉండదు.

ఈ సమస్యకు జవాబు ఆ చక్కెర అద్దంలోనే ఉంది. కరకర అనేది డబ్బాలోంచి తీసి వేసే దినుసు కాదు. అది పదార్థం చేరుకునే ఒక స్థితి. ఆ స్థితిని నిలబెట్టేదీ చెడగొట్టేదీ నీరే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే గ్రానోలా చేసే పద్ధతిలో ప్రతి మెట్టూ దానంతటదే అర్థమవుతుంది.

బండరాయి, పటికబెల్లం, అద్దం

ఫిల్మ్‌నగర్ గుట్టల మీద ఇళ్ళ మధ్య ఇంకా మిగిలివున్న బండల్ని దగ్గరగా చూడండి. తెల్లటి, గులాబీ, నల్లటి పలుకులు ఒకదాన్నొకటి పట్టుకుని కనిపిస్తాయి. ఇది గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ క్రితం భూమి లోపల కరిగివున్న రాతిద్రవం చాలా నెమ్మదిగా చల్లారి ఇలా గట్టిపడింది. చల్లారడానికి కావలసినంత కాలం దొరికింది కాబట్టి అందులోని అణువులు వరుసల్లో సర్దుకుని స్ఫటికాలయ్యాయి. దాదాపు అదే రసాయన కూర్పు ఉన్న రాతిద్రవం అగ్నిపర్వతం నోటినుంచి బయటపడి ఒక్కసారిగా చల్లారితే అబ్సీడియన్ అనే నల్లటి సహజ గాజు పుడుతుంది. పదార్థం ఇంచుమించు ఒకటే, చల్లారిన తీరు వేరు.

చక్కెరకూ ఇదే వర్తిస్తుంది. పాకాన్ని రోజుల తరబడి కదపకుండా ఉంచితే దారానికి పటికబెల్లం పలుకులు కడుతుంది, అది స్ఫటికం. అదే చక్కెరను బాగా ముదరబెట్టి త్వరగా చల్లార్చితే గాజవుతుంది. స్ఫటికంలోని అణువులు టికెట్ నంబరు ప్రకారం సీట్లలో కూర్చున్న ప్రేక్షకులు. గాజులోనివి ఇంటర్వెల్‌లో క్యాంటీన్ ముందు తోసుకుంటూ ఉన్నపళంగా బిగుసుకుపోయిన జనం. వరుస లేదు, అయినా కదలలేరు. అందుకే గాజు చూపుకు ఘనపదార్థం, లోపలి అమరికలో ద్రవం.

గాజు స్థితిలో ఉన్న పదార్థం సాగదు, వంగదు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఓర్చుకుని, ఒక్కసారిగా పగులుతుంది. పళ్ళ మధ్య కరకరమనే ప్రతి తిండీ, అప్పడమైనా, సకినమైనా, పల్లీపట్టీ అయినా, బిస్కట్టయినా, ఎక్కువభాగం గాజు స్థితిలో ఉన్న పిండిపదార్థమో చక్కెరో అయివుంటుంది.

పళ్ళెం మీద టంగుమన్న పాకం

గాజును వేడిచేస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర పెళుసుతనం పోయి మెత్తబడుతుంది, జిగురెక్కుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అంటారు. మనం గాజు హద్దు అనుకుందాం. హద్దుకు దిగువన కరకర, ఎగువన జిగట. నీరు లేని మామూలు చక్కెరకు ఈ హద్దు 60-70 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అంటే మన గది ఉష్ణోగ్రత దగ్గర అది నిక్షేపంగా గాజే.

నీరు చేరితే కథ మారుతుంది. చిన్నవైన నీటి అణువులు చక్కెర అణువుల మధ్య దూరి వాటికి కదిలే వీలు కల్పిస్తాయి. తొలి కొద్ది శాతాల్లో, చేరిన ఒక్కో శాతం నీటికీ గాజు హద్దు సుమారు 10 డిగ్రీలు కిందికి జారుతుంది. నాలుగైదు శాతం నీరు చేరిందంటే హద్దు గది ఉష్ణోగ్రత దాకా దిగొచ్చినట్టే. నిన్నటి కరకర ఇవాళ సాగుతోందంటే జరిగింది ఇదే. తిండిలో గాజు హద్దుకున్న ఈ ప్రాధాన్యాన్ని లూయీస్ స్లేడ్, హ్యారీ లెవిన్ అనే అమెరికన్ ఆహార శాస్త్రజ్ఞులు 1980లలో, 1991 నాటి తమ సుదీర్ఘ వ్యాసంలో బలంగా నిరూపించి చూపారు.

మన పాకం పట్టేవారికి ఈ హద్దు అనుభవంలో ఎప్పుడో తెలుసు. పల్లీపట్టీకి బెల్లం పాకం పట్టేటప్పుడు ఒక చుక్కను చల్లని నీళ్ళలో వేసి చూస్తారు. మెత్తగా ఉండ కడితే అది అరిసెలకు సరిపోయే పాకం, పట్టీకి ఇంకా ముదరాలి. నీళ్ళలోంచి తీసిన ఉండను పళ్ళేనికేసి కొట్టినప్పుడు టంగుమని మోగితే పట్టీ పాకం వచ్చినట్టు. ఉండపాకం దగ్గర ఉష్ణోగ్రత 115 డిగ్రీల చుట్టుపక్కల, అందులో మిగిలిన నీరు సుమారు 15 శాతం. టంగుమనే పాకం 145 డిగ్రీలు దాటింది, నీరు ఒకటి రెండు శాతమే. చల్లని నీళ్ళు చుక్కను గది ఉష్ణోగ్రతకు దించుతాయి, పళ్ళెం మీద శబ్దం అది గాజైందో లేదో చెబుతుంది. ఏ పరికరమూ లేకుండా గాజు హద్దును కొలిచే పరీక్ష ఇది. మరమరాల ఉండలు, నువ్వుల పట్టీ, జాతరల్లో అమ్మే జీళ్ళు అన్నీ ఈ పరీక్ష మీద నిలబడ్డవే.

కాబట్టి గ్రానోలా మనకు పరాయిదేమీ కాదు. పొడి గింజను పలచటి చక్కెర గాజుతో అతికించడమే దాని నిర్మాణం. మరమరాల ఉండదీ అదే నిర్మాణం.

నానబెట్టి తిన్న తొలి గ్రానోలా

1863లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం డాన్స్‌విల్‌లో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు తన ఆరోగ్య కేంద్రంలోని రోగుల కోసం ముడి గోధుమపిండిని పలకలుగా కాల్చి, విరగ్గొట్టి, మళ్ళీ కాల్చి ఒక తిండి తయారుచేశాడు. దానికి గ్రానులా అని పేరుపెట్టాడు. అందులోని నీరంతా పోవడంతో అది రాయిలా గట్టిపడేది. రాత్రంతా పాలలో నానబెడితే గాని నమలడం కుదిరేది కాదు. తర్వాత మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌లో జాన్ హార్వే కెలాగ్ అలాంటిదే చేసి అదే పేరు వాడాడు. జాక్సన్ అభ్యంతరం చెప్పడంతో పేరును గ్రానోలాగా మార్చుకున్నాడు. ఓట్స్, తేనె, పప్పులు కలిసిన నేటి రూపం 1960లు, 70లలో అమెరికాలో సహజాహారం మీద మక్కువ పెంచుకున్న యువతరంతో ప్రాచుర్యంలోకి వచ్చింది.

జాక్సన్ తిండి గాజే, కాని మందమైన గాజు. పంటికి లొంగేదీ వినసొంపుగా విరిగేదీ పలచటి గాజు. నేటి గ్రానోలాలో ఆ పలచదనం ఓట్స్ రేకునుంచి వస్తుంది.

రేకు, గింజ, నూనె

ఓట్స్ గింజలో కొవ్వు ఆరేడు శాతం ఉంటుంది, తృణధాన్యాల్లో ఇది ఎక్కువే. ఆ కొవ్వును విడగొట్టి చేదెక్కించే ఎంజైమును ఆపడానికి మిల్లులో గింజను ఆవిరిపట్టి, ఆపైన రోలర్ల మధ్య నొక్కి రేకులు చేస్తారు. రేకు మందం దాదాపు అర మిల్లీమీటరు నుంచి ముప్పాతిక మిల్లీమీటరు. గ్రానోలాకు కావలసింది ఈ రోల్డ్ ఓట్స్. నిమిషంలో ఉడికే ఇన్‌స్టంట్ ఓట్స్ మరీ పలచన, ముక్కలై పొడిగా రాలిపోతాయి. రేకు కట్టని ముక్క ఓట్స్ లోపలి నీటిని అంత త్వరగా వదలవు.

ఈ త్వర వెనుక ఒక గణితం ఉంది. లోపలి నీరు పైకి చేరడానికి పట్టే కాలం మందం వర్గాన్ని బట్టి మారుతుంది. మందం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది. అందుకే పప్పుల్ని కూడా రెండుగానో నాలుగుగానో తరిగి వేయాలి. బాదంలో కొవ్వు దాదాపు సగం, పల్లీలోనూ సగానికి కాస్త తక్కువ. పలాస జీడిపప్పైనా, అనంతపురం పల్లీలైనా, పచ్చిగా ఉన్నప్పుడు వాటిలో సుమారు ఐదు శాతం నీరుంటుంది. వేగి రెండు శాతానికి దిగితేనే అవి పళ్ళకింద కరుక్కుమంటాయి.

నూనె ఇక్కడ రుచికోసమే కాదు. రేకుల మధ్య ఉన్న గాలి వేడిని సరిగా అందించదు. గాలికన్నా నూనె వేడిని బాగా మోస్తుంది. అది రేకుల మీద పలచగా పరుచుకుంటే వేపు అంతటా సమానంగా పడుతుంది, పాకం కూడా ఒకేచోట పేరుకోకుండా విస్తరిస్తుంది.

తేనె అడ్డుపడే చోటు

గ్రానోలాకు పేరు తెచ్చిన తేనెకే గాజు కావడం అందరికన్నా కష్టం. మంచి తేనెలో నీరు 17-18 శాతం ఉంటుంది. మన ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 20 శాతం దాకా అనుమతిస్తుంది. మిగతాదానిలో అధికభాగం ఫ్రక్టోజ్, గ్లూకోజ్ అనే చిన్న చక్కెరలు. అణువు చిన్నదైతే కదలిక ఎక్కువ, గాజు హద్దు తక్కువ. నీరు బొత్తిగా లేని గ్లూకోజ్ హద్దు సుమారు 31 డిగ్రీలు, ఫ్రక్టోజ్ హద్దు 5 డిగ్రీల దగ్గర. హైదరాబాదు గదిలో 28 డిగ్రీలుంటే, పూర్తిగా ఎండగట్టిన తేనె కూడా తనంతట తాను గాజుగా నిలవలేదు. తేనెపొడి తయారుచేసే కర్మాగారాలు అందులో మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పెద్ద అణువుల పదార్థాన్ని కలిపేది ఇందుకే.

మరి తేనె గ్రానోలా కరకరలాడేదెలా? తేనె రేకులోకి ఇంకి అందులోని పిండిపదార్థంతో, మాంసకృత్తులతో కలుస్తుంది. పొడి పిండిపదార్థం గాజు హద్దు 200 డిగ్రీల పైమాట. ఈ పెద్ద అణువులు చిన్న చక్కెరల్ని పట్టి ఉంచుతాయి. అంటే కరకరను మోసేది ఓట్స్, అతికించేది తేనె. తేనె ఎక్కువైతే బలం జిగురువైపు మొగ్గుతుంది. ఎక్కువ తేనె పోస్తే ఎక్కువ కరకర వస్తుందన్న నమ్మకంతోనే చాలా వంటగదుల్లో గ్రానోలా చెడిపోతోంది.

దీనికి విరుగుడు బెల్లం. బెల్లంలో ప్రధానమైనది సుక్రోజ్, అంటే పెద్ద అణువు, ఎత్తైన హద్దు. కొద్దిగా ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఆ పాకం పలుకు కట్టకుండా కాపాడతాయి. తేనెను తగ్గించి, తగ్గించినంత బెల్లం చేర్చితే తేనె పరిమళం నిలుస్తుంది, గాజు హద్దు పైకి జరుగుతుంది.

తేనెను వేడిచేయకూడదని ఆయుర్వేద గ్రంథాలు చెప్పిన మాటను పాటించేవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. వేడికి తేనెలోని ఎంజైములు నశిస్తాయి, హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. రసాయన శాస్త్రం చూపే మార్పులు ఇవి. ఇదే హెచ్.ఎం.ఎఫ్. కాల్చిన రొట్టెలో, కాఫీలో కూడా ఉంటుంది. ఆ నియమాన్ని పాటించేవారు గ్రానోలాను పూర్తిగా బెల్లంతో చేసుకుని, తినేముందు పైన చెంచాడు తేనె వేసుకోవచ్చు. కరకర దృష్టితో చూస్తే అదే మేలైన పద్ధతి. ఏడాది నిండని పసిబిడ్డలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

యాభై గ్రాముల నీటి కథ

ఇక లెక్కలోకి వద్దాం. రోల్డ్ ఓట్స్ 300 గ్రాములు, తరిగిన పప్పులు 150 గ్రాములు, తేనె 60 గ్రాములు, బెల్లం తురుము 40 గ్రాములు, నూనె 45 గ్రాములు, బెల్లం కరగడానికి నీళ్ళు 15 గ్రాములు, చిటికెడు ఉప్పు. మొత్తం 610 గ్రాములు. ఇందులో నీరెంత? ఓట్స్‌లో పది శాతం చొప్పున 30, పప్పుల్లో 7, తేనెలో 11, బెల్లంలో 2, మనం పోసింది 15. మొత్తం సుమారు 65 గ్రాములు. తయారైన గ్రానోలాలో రెండున్నర శాతం మించకూడదనుకుంటే 14 గ్రాములే మిగలాలి. అంటే ఓవెన్‌లో దాదాపు 50 గ్రాముల నీరు ఆవిరైపోవాలి.

ఇక్కడ వంటింటి త్రాసు రంగు చూసే కంటికన్నా నమ్మకమైన సాక్షి. ట్రేను ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి తూచండి. 610 గ్రాములు 560కి దిగినప్పుడు గ్రానోలా తయారైనట్టు. పైన బంగారు రంగు వచ్చినా బరువు 580 దగ్గరే ఆగితే లోపల నీరుంది, చల్లారాక సాగుతుంది.

యాభై గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి కావలసిన శక్తి చాలా తక్కువ. 1,500 వాట్ల ఓటీజీ ఓవెన్ దాన్ని నిమిషంన్నర లోపే ఇవ్వగలదు. అయినా నలభై నిమిషాలు పట్టడానికి కారణం వేడి చాలకపోవడం కాదు, రేకు లోపలి నీరు నెమ్మదిగా నడవడం. మంట పెంచినంత మాత్రాన ఆ నడక తగినంత వేగం అందుకోదు. ఈలోగా పైభాగం మాడిపోతుంది. అందుకే 150 డిగ్రీలు దాటకూడదు.

మాడడం గురించీ ఒక మాట. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీ మయార్ 1912లో వివరించిన చర్య ఇది. కొన్ని చక్కెరలు మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ రంగును, కాల్చిన పరిమళాన్ని ఇస్తాయి. తేనెలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఈ చర్యకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నీరు ఉన్నంతసేపు అది ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, కాబట్టి రేకు ఉష్ణోగ్రత నీరు మరిగే స్థాయి దగ్గరే తచ్చాడుతుంది. సముద్రమట్టానికి 540 మీటర్లకు పైనున్న మన గుట్టల మీద నీరు 98 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీరు అయిపోగానే ఆ అడ్డు తొలగి ఉష్ణోగ్రత చకచకా ఎగబాకుతుంది. ముప్పై నిమిషాల దాకా పాలిపోయినట్టున్న ట్రే ఆఖరి పది నిమిషాల్లో రంగు తిరిగేది, ఏమరితే నల్లబడేది అందుకే. కనిపెట్టుకుని ఉండవలసిన సమయం ఆ పది నిమిషాలే.

ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడు చాలు. ఓట్స్‌ను, పప్పుల్ని విడివిడిగా సన్నని సెగమీద వేపి నీరు పోగొట్టాలి. బెల్లం పాకాన్ని టంగుమనేదాకా ముదరబెట్టి, వేపినవన్నీ అందులో గబగబా కలిపి, నూనె రాసిన పళ్ళెంలో పలచగా పరచాలి. ఇది మన పల్లీపట్టీ పద్ధతే.

చేయి పెట్టకుండా ఆగడం

ఓవెన్‌లోంచి తీయగానే గ్రానోలా మెత్తగా ఉంటుంది. ఇంకా కాలలేదనుకుని మళ్ళీ లోపలికి తోసేవారు చాలామంది. ఆ మెత్తదనం లోపం కాదు. 150 డిగ్రీల దగ్గర పాకం గాజు హద్దుకు చాలా ఎగువన ఉంది, అది మెత్తగానే ఉండాలి. గాజు పుట్టేది ఓవెన్‌లో కాదు, చల్లారుతున్నప్పుడు. ఉష్ణోగ్రత హద్దు దాటి కిందికి వచ్చాకనే రేకుల మధ్య వంతెనలు బిగుస్తాయి.

గడ్డలు గడ్డలుగా కావాలనుకునేవారికి ఈ సమయం కీలకం. ట్రేలో వేసినప్పుడే చెంచా వెనుకవైపుతో గట్టిగా అదిమి, మధ్యలో ఒకసారి ట్రేను తిప్పడమే తప్ప కలపకుండా కాల్చాలి. తీశాక అరగంటో ముప్పావుగంటో కదపకూడదు. వేడిమీద కలిపితే వంతెనలు కట్టకముందే తెగిపోతాయి, చల్లారాక కలిపితే పెద్ద పెచ్చులుగా విరుగుతాయి. ఒక గుడ్డు తెల్లసొనను నురగ వచ్చేలా గిలకొట్టి కలిపితే గడ్డలు మరింత బలంగా వస్తాయి. అందులోని మాంసకృత్తు 60-80 డిగ్రీల మధ్య గట్టిపడి రేకుల్ని వలలా పట్టుకుంటుంది. చక్కెర గాజు తేమకు లొంగినా ఆ వల లొంగదు. అయితే తెల్లసొన అంటే పాతిక గ్రాములకు పైగా నీరు కూడా చేరినట్టే, బరువు లెక్కలో దాన్నీ కలుపుకోవాలి.

చెవి చెప్పే రుచి

గాజు విరిగినప్పుడు అందులో కూడివున్న ఒత్తిడి శక్తి ఒక్కసారిగా విడుదలై కొంతభాగం శబ్దమవుతుంది. ఓట్స్ రేకులోని సన్నని గోడలు ఒక్కొక్కటే తెగుతుంటే వరుసగా చిన్న చిన్న పేలుళ్ళు వినిపిస్తాయి. ఆ పరంపరనే నోరు కరకరగా గుర్తిస్తుంది. ఈ గుర్తింపులో చెవి పాత్ర ఎంతో 2004లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మాసిమిలియానో జాంపిని, చార్ల్స్ స్పెన్స్ చేసిన ప్రయోగం చూపించింది. మైకు ముందు కూర్చున్నవారు బంగాళాదుంప చిప్స్ కొరుకుతుంటే, ఆ శబ్దాన్ని మార్చి వారి హెడ్‌ఫోన్లలో వినిపించారు. శబ్దాన్ని, ముఖ్యంగా 2 కిలోహెర్ట్‌జ్‌కు పైనున్న ధ్వనుల్ని పెంచినప్పుడు అవే చిప్స్ మరింత తాజాగా, కరకరలాడుతున్నట్టు అనిపించాయి. తగ్గించినప్పుడు మెత్తబడినట్టు తోచాయి. ఈ పనికి 2008లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది.

సినిమా శబ్దవిభాగంలో పనిచేసేవారికి ఈ ఫలితం కొత్తగా అనిపించదు. తెరమీద ఎముక విరిగినట్టు నమ్మించడానికి స్టూడియోలో సెలెరీ కాడ విరిచి రికార్డు చేయడం ప్రపంచమంతటా ఉన్న అలవాటే. చూసేదాన్ని చెవి నిజం చేస్తుంది. నమిలేదాన్నీ అంతే. మెత్తబడిన గ్రానోలాలో చక్కెర తగ్గలేదు, పప్పు తగ్గలేదు. శబ్దం ఒక్కటే పోయింది, దాంతో తాజాదనమంతా పోయినట్టు అనిపిస్తుంది.

వానాకాలపు డబ్బా

చిరుతిండ్లలో నీటి చురుకు (వాటర్ యాక్టివిటీ) ఎంత దాటితే కరకర పోతుందో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన థియోడర్ లబూజా బృందం 1981లో లెక్కగట్టింది. సున్నా నుంచి ఒకటి దాకా ఉండే ఆ కొలమానం మీద 0.35, 0.5 మధ్య కరకర చేజారుతుంది. గాలి భాషలో చెబితే 35-50 శాతం తేమ. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో హైదరాబాదు గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆ పూట గ్రానోలా బల్లమీద తెరిచి ఉంచినా పాడవదు. ఆగస్టు ఉదయాల్లో అదే తేమ 80 శాతం దాటుతుంది. 27 డిగ్రీల దగ్గర అలాంటి ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 20 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మన 560 గ్రాముల గ్రానోలాను మెత్తబరచడానికి అంత నీరు చాలు.

కాబట్టి వానాకాలంలో ట్రేను తలుపు వేసిన ఏసీ గదిలో చల్లార్చడం మంచిది, ఏసీ గాలిలోని నీటిని బయటికి పంపేస్తుంది. పూర్తిగా చల్లారగానే బిగుతు మూత ఉన్న గాజు సీసాల్లోకి మార్చాలి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపలి ఆవిరి మూతకు చెమ్మగా పట్టి తిరిగి రేకుల మీదే పడుతుంది. ఒక పెద్ద డబ్బాకు బదులు చిన్న సీసాలైతే తెరిచిన ప్రతిసారీ మొత్తం సరుకుకు తేమ తగలదు. మెత్తబడినా చింతించనక్కర్లేదు. గాజు మారిన దారి తిరిగిరాగల దారే. 120 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి చల్లార్చితే నీరు పోయి గాజు మళ్ళీ వస్తుంది. నూనె ముక్కిపోతే మాత్రం తిరిగి రాదు. అందుకే అక్రోటు లాంటి త్వరగా చెడే పప్పులు వేసిన గ్రానోలాను వెలుతురుకు, వేడికి దూరంగా ఉంచి కొద్ది వారాల్లో తినేయాలి.

కిస్‌మిస్, ఖర్జూరం ముందే కలపడం మరో సాధారణ పొరపాటు. కిస్‌మిస్‌లో 15 శాతానికి పైగా నీరుంటుంది, దాని నీటి చురుకు ఓట్స్‌దానికన్నా ఎంతో ఎక్కువ. మూత ఎంత బిగించినా సీసా లోపలే నీరు పండునుంచి రేకుకు ప్రయాణిస్తుంది. పండ్లను వేరే డబ్బాలో ఉంచుకుని తినేటప్పుడు కలుపుకోవాలి.

మన గింజలకు ఇదే సూత్రం

ఈ గ్రానోలా 40 గ్రాములు తింటే సుమారు 200 కిలోకేలరీలు, అందులో చేర్చిన చక్కెర 6 గ్రాములు. రోజుకు పాతిక గ్రాముల లోపు చక్కెర మేలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఓట్స్‌లోని బీటాగ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే కొలెస్టరాల్ తగ్గడానికి తోడ్పడుతుందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఆమోదించింది. మన 40 గ్రాములలో ఆ పీచు ఒక గ్రాముకు కాస్త తక్కువగానే ఉంటుంది. కనుక గ్రానోలాను మందుగా కాక మంచి అల్పాహారంగా, పెరుగుమీద గుప్పెడు చల్లుకునే తిండిగా చూడడం న్యాయం.

గాజు సూత్రానికి ఓట్సే కావాలన్న పట్టింపు లేదు. జూబ్లీహిల్స్ నుంచి అంత దూరమేమీ కాని రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న అటుకులు, రవ్వ, ఇతర ఉత్పత్తుల మీద ఏళ్ళుగా పనిచేస్తోంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఆ అటుకులు మామూలు దుకాణాలకూ చేరుతున్నాయి. జొన్న అటుకు ఓట్స్ రేకులాంటి పలచటి రేకే. తొలి ఏకాదశికి బెల్లంతో దంచి పేలపిండి చేసే జొన్న పేలాలు అంతకన్నా పలచటి గోడల గూళ్ళు. రెండింటినీ పల్లీలు, నువ్వులు, బెల్లం పాకంతో కలిపి పై లెక్కప్రకారమే కాల్చవచ్చు. పేలాల్లో నీరు మొదటినుంచే తక్కువ కాబట్టి వాటిని ఆఖరి పది నిమిషాల్లో చేర్చాలి. గోడలు పలచన కాబట్టి తేమనూ ముందుగా పీల్చేస్తాయి, మూత విషయంలో మరింత శ్రద్ధ కావాలి.

వంటకాన్ని కొలతల పట్టికగా నేర్చుకుంటే ఆ ఒక్క వంటకమే వస్తుంది. కారణంతో సహా నేర్చుకుంటే దాని చుట్టాలన్నీ వస్తాయి. రేకు పలచన కావాలి, చక్కెర అణువు పెద్దది కావాలి, నీరు రెండు మూడు శాతానికి దిగాలి, చల్లారేదాకా ఆగాలి, ఆపైన తేమను దూరంగా ఉంచాలి. ఈ ఐదూ తెలిసినవారు తమ ఊళ్ళో పండే ఏ గింజతోనైనా, తమ దగ్గరున్న ఏ పొయ్యిమీదైనా కరకరలాడే తిండి చేసుకోగలరు. అందుకు ఖరీదైన ప్యాకెట్టు అక్కర్లేదు. ఒక త్రాసు, ఒక బిగుతు మూత, కాస్త ఓపిక ఉంటే చాలు.